'పర్షియా' ఓడ నవల: విజయవాడ సభలో చదివిన అధ్యాయాలు (ఎవరెవరు వెళ్ళారు?)

వన్‌టౌన్ వాసి

మొన్న ఆదివారం సాయంత్రం గవర్నరుపేటలో ఒక గ్రంథాలయం మేడమీద చిన్న సభ జరిగింది. ఇంకా అచ్చుకాని చారిత్రక నవలలోంచి రచయిత్రి తనే మూడు అధ్యాయాలు చదివారు. పుస్తకం బయటికొచ్చేదాకా తన పేరూ నవల పేరూ ఎక్కడా రాయొద్దని కోరారు, కాబట్టి రాయను. జనం ఓ మోస్తరుగా వచ్చారు. ముందు వరస ఖాళీ, ఫ్యాన్ల కింద మాత్రం కుర్చీ దొరకలేదు.

కథంతా 'పర్షియా' అనే ప్రయాణికుల ఓడ మీద. పీ అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీది. 1900లో స్కాట్లండ్‌లోని గ్రీనాక్‌లో కట్టారు, దాదాపు ఎనిమిది వేల టన్నులు. లండన్ దగ్గరి టిల్బరీ రేవు నుంచి బొంబాయికి టపా, మనుషుల్ని తెచ్చేది. 1915 డిసెంబరు 30న క్రీట్ దీవికి దిగువన, మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి యు-38 దాన్ని టార్పెడోతో కొట్టింది. ఓడలో ఉన్న 519 మందిలో 343 మంది పోయారు.

మొదటి అధ్యాయం టిల్బరీలో ఓడెక్కడం. బాగుంది, కాస్త సాగింది. రెండోది మార్సెయిల్స్ రేవు. కపుర్తలా మహారాజు జగత్‌జీత్ సింగ్ అక్కడ దిగిపోతాడు, ఆయన నగలు మాత్రం ఓడలోనే ఉండిపోతాయి. ఇది నిజంగా జరిగిందే. మూడోది మధ్యాహ్న భోజనాల వేళ, ఒంటిగంట దాటి పది నిమిషాలు.

నా పేచీ ఈ మూడోదాంతోనే. ఓడ ఐదు నుంచి పది నిమిషాల్లో మునిగిపోయింది. ఆ అధ్యాయం చదవడానికి ఆవిడకి అరగంట పట్టింది. పోనీ అనుకుందాం. ఆ అరగంటలో ఇరవై నిమిషాలు దొరలూ దొరసానులే. కింద బాయిలర్ల దగ్గర బొగ్గు వేసే బందరు కుర్రాడే నవలకి నాయకుడని ముందుమాటలో చెప్పారు. అతనికి దక్కింది ఒక పేజీ!

వెళ్ళినవాళ్ళు చెప్పండి. నాకొక్కడికేనా ఇలా అనిపించింది?

కృష్ణలంక

నేనూ ఉన్నా బ్రో, వెనకాల తలుపు దగ్గర. మీకు అరగంటేమో, నాకు తెలీకుండానే అయిపోయింది. ఓడ ఒరిగి నీళ్ళు కిటికీల్లోంచి భోజనాల హాల్లోకి వచ్చే చోట పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టేసుకున్నాడు. ఆయనెవరో కూడా తెలీదు నాకు.

ఒక డౌటు. టైటానిక్ కంటే పెద్ద ప్రమాదమా ఇది? పేరు కూడా వినలా ఎప్పుడూ.

బ్రాడీపేట నాలుగో లైను

పెద్దది కాదు నాయనా. టైటానిక్‌లో పోయినవాళ్ళు పదిహేను వందలు దాటారు. కాకపోతే మంచుకొండ తగిలాక అది మునగడానికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. పడవలు దించుకోడానికి, పెళ్ళాం బిడ్డలకి చెప్పుకోడానికి, బ్యాండువాళ్ళు వాయించడానికి కూడా వ్యవధి దొరికింది. అన్ని కథలు పుట్టింది అందుకే. 1915 మే నెలలో లూసిటేనియాకి దొరికింది పద్దెనిమిది నిమిషాలు. పర్షియాకి అంత కూడా లేదు. టార్పెడో ఎడమపక్క తగిలింది, ఆ వెంటనే బాయిలర్ పేలింది, ఓడ అటే ఒరిగిపోయింది. ఒరిగిన ఓడ మీదనుంచి పడవలు సరిగ్గా దిగవు. నాలుగు మాత్రమే బయటపడ్డాయి.

ఇంకో సంగతి. ప్రయాణికుల ఓడని ముంచేముందు ఆపి, హెచ్చరించి, మనుషుల్ని పడవల్లోకి దిగనివ్వాలన్నది అప్పటి యుద్ధ నియమం. జలాంతర్గామి కెప్టెన్ మాక్స్ వాలెంటీనర్ ఏ హెచ్చరికా చెయ్యలేదు. అయితే పర్షియా మీద ఒక ఫిరంగి ఉన్న మాటా నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని ఇరుపక్షాలూ వాదించుకున్నాయి. రచయిత్రి ఈ గొడవ నవల్లోకి తెచ్చారో లేదో వన్‌టౌన్ వాసి గారే చెప్పాలి.

అరగంట విషయంలో మీతో ఏకీభవించను. ఐదు నిమిషాలే గానీ అవి 519 మంది ఐదు నిమిషాలు. అరగంట కాదు, నవలంతా అదే రాసినా నాకు అభ్యంతరం లేదు. ఎవరి ఐదు నిమిషాలు రాశారన్నదే ప్రశ్న.

వన్‌టౌన్ వాసి

అదే కదా మేడం నేనూ అంటున్నది. ఫిరంగి సంగతి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయింది. ఎక్కువ చదివింది మాంటేగ్యూ ప్రభువు గురించి. ఆయన మోటారు రవాణా సలహాదారుగా ఇండియా ప్రభుత్వంలో చేరడానికి వస్తున్నాడు. పక్కన ఆయన కార్యదర్శి ఎలినార్ థార్న్‌టన్. టార్పెడో తగిలేసరికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉన్నారు. ఆమె పోయింది. ఆయన గాలి నింపే చొక్కా తొడుక్కోవడం వల్ల బతికాడు, ముప్పై గంటలకు పైగా పగిలిన పడవని పట్టుకుని తేలాడు. ఇంటికి చేరేసరికి పత్రికల్లో తన సంతాప వ్యాసాలు అచ్చయి ఉన్నాయి. తనే చదువుకున్నాడు.

కృష్ణలంక

రోల్స్‌రాయిస్ బానెట్ మీద రెక్కలు చాపిన అమ్మాయి బొమ్మ ఉంటుందే, ఆ బొమ్మకి మోడల్ ఈ థార్న్‌టనే అని చెబుతారు. సభలో ఈ ముక్క వచ్చినప్పుడు అందరూ 'ఓహ్' అన్నారు. ఇంత మంచి మెటీరియల్ ఉంటే ఎవరు వదులుకుంటారు చెప్పండి?

రంగం మనవడు

అందరికీ నమస్కారం. సభకి రాలేదు, కాబట్టి చదివిన తీరు గురించి మాట్లాడను. నా ప్రశ్న వేరు. విజయవాడలో కూర్చుని తెలుగులో ఓడ నవల రాసేవాళ్ళకి మధ్యధరా సముద్రం దాకా ఎందుకు వెళ్ళాల్సొచ్చింది? కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లలో, డెక్కు మీద ఎండలో వానలో కూర్చుని వేలాదిమంది మనవాళ్ళు రంగూన్ వెళ్ళారు. మా తాతగారు వెళ్ళారు. మా ఇంట్లో ఇప్పటికీ ఆయన్ని 'రంగం తాత' అనే అంటారు. రంగూన్ రేవులో ఓడల సరుకు దించిందీ ఎక్కించిందీ ఎక్కువగా తెలుగు కూలీలు. 1930 మే నెలలో వాళ్ళు సమ్మె చేస్తే బర్మావాళ్ళని పనిలోకి తెచ్చారు. సమ్మె తేలిపోయి మళ్ళీ మనవాళ్ళని పిలిచేసరికి ఊరంతా కత్తులు లేచాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక కొందరికి ఓడ దొరికింది, దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు. ఇంత కథ మనింట్లో ఉండగా మహారాజు నగలెందుకండీ?

బ్రాడీపేట నాలుగో లైను

@రంగం మనవడు: బాబూ, మీ కోపం నాకు అర్థమైంది. రంగూన్ నవల రావాలి, నిజమే. కానీ ఒకటి రాశారని రెండోది ఆగిపోదు కదా. పైగా మీరు చెప్పిన బ్రిటిష్ ఇండియా కంపెనీ, ఈ పీ అండ్ ఓ 1914లో కలిసిపోయాయి. మీ తాతగారు డెక్కు టికెట్టుకి కట్టిన డబ్బూ, పర్షియాలో మొదటి తరగతి భోజనం బిల్లూ చివరికి చేరింది ఒక్క పెట్టెలోకే. నవలా రచయితకి ఇంతకంటే ఏం కావాలి?

ఇంజిన్‌రూమ్

ఆలస్యంగా చూశాను. మర్చంట్ నేవీలో ఇంజినీరుగా చేసి రిటైరై పటమటలో ఉంటున్నాను. సభకి వెళ్ళాను. లేచి అడగాలనుకున్నాను గానీ ప్రశ్నలకిచ్చిన టైమంతా ఒకాయన తన కవిత చదవడానికి సరిపోయింది.

ముందు ఒక సాంకేతిక లోపం. బందరు కుర్రాడు ఒంటిగంటకి షిఫ్టు దిగి పైకొస్తుంటే టార్పెడో తగులుతుంది. అలా జరగదు. బాయిలర్ గదిలో నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విరామం. ఆ పనివేళని వాచీ అంటారు. పన్నెండింటికి ఎక్కిన వాచీ నాలుగింటికి దిగుతుంది. అంటే ఒంటిగంటా పదికి అతను కిందే ఉండాలి, లేకపోతే పన్నెండింటికే దిగిపోయి స్నానం చేసి అన్నం ముందు కూర్చునో, పడుకునో ఉండాలి. కింద ఉంటే బతకడు. బాయిలర్ పేలింది కదా. అతన్ని బతికించాలంటే ఎనిమిది టు పన్నెండు వాచీలో వెయ్యడం ఒక్కటే దారి.

రెండోది, ఆ పని ఎలా ఉండేదో ఒక్క పేజీలో తేల్చేశారు. మా కాలానికి బొగ్గు ఓడలు పోయాయి, కానీ మాకు పని నేర్పినవాళ్ళ గురువులు ఆ కాలంవాళ్ళు. బొగ్గు వెయ్యడమంటే పారతో విసిరెయ్యడం కాదు. కొలిమి తలుపు తీసిన ప్రతిసారీ చల్లగాలి దూరి ఆవిరి ఒత్తిడి పడిపోతుంది, అందుకని క్షణాల్లో తీసి, పల్చగా సమానంగా పరిచి, మూసెయ్యాలి. మధ్యమధ్య పొడుగాటి ఇనప చువ్వతో మంటని కదపాలి. కరిగి గడ్డకట్టిన మసిని పగలగొట్టి బయటికి లాగాలి, దాని మీద నీళ్ళు చల్లితే వచ్చే పొగకి ఊపిరాడదు. బూడిద పైకి తోడి సముద్రంలో పారబొయ్యాలి. ఇంకొందరు బొగ్గు గదుల్లో చీకట్లో తోపుడుబండి నెట్టుకుంటూ బొగ్గు అందిస్తుంటారు. ప్రయాణం సాగేకొద్దీ దగ్గరి బొగ్గు అయిపోతుంది, రోజురోజుకీ ఇంకా దూరంనుంచి మొయ్యాలి. ఎర్ర సముద్రంలో ఈ పని ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పైన సలాడ్ ఆకుల గురించి రెండు పేరాలు రాసినావిడ ఇదంతా వదిలేశారు.

మూడోది పెద్ద అభ్యంతరం. పీ అండ్ ఓలో పనివాళ్ళని ఎక్కడపడితే అక్కడ తీసుకోలేదు. డెక్కు పని ఎక్కువగా కొంకణ, గుజరాత్ తీరాలవాళ్ళది. బాయిలర్ల పని పంజాబీ, పఠాన్ ముస్లింలది. వంట, వడ్డన గోవావాళ్ళవి. సరంగు, అంటే ఆ పనివాళ్ళ మేస్త్రీ, తన ఊరివాళ్ళని, తన చుట్టాలని గుంపుగా చేర్చుకొచ్చేవాడు, జీతంలో వాటా కూడా పట్టేవాడు. ఆ గుంపులో బందరు కుర్రాడు ఎలా దూరాడు? అతని భాష వాళ్ళకి రాదు, వాళ్ళ వంట వీడికి పడదు.

కృష్ణలంక

సార్, నవల సార్ అది. ఆధార్ కార్డు అడుగుతున్నారేంటి 😀

ఇంజిన్‌రూమ్

నవల కాబట్టే అడుగుతున్నాను. థార్న్‌టన్ గౌను రంగు తప్పు రాస్తే ఎవడో ఒకడు పట్టుకుంటాడు. బాయిలర్ గది తప్పు రాస్తే అడిగేవాడు ఉండడు. ఎందుకంటే వాళ్ళలో ఎవరూ జ్ఞాపకాలు రాసుకోలేదు.

రంగం మనవడు

ఈ మాటకి మాత్రం ఇంజిన్‌రూమ్ గారితో నేను. అయితే బొంబాయిలో తెలుగువాళ్ళు లేరా? బట్టల మిల్లుల్లో ఎంతమంది పద్మశాలీలు పనిచేశారు! కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం పెట్టింది అక్కడే, 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టిందీ అక్కడే. బెజవాడ నుంచి సికింద్రాబాద్, వాడి మీదుగా బొంబాయికి అప్పటికే రైలుంది. 1864 తుపాను ముప్పై వేల మందిని మింగాక బందరు రేవు కోలుకున్నదీ లేదు. అక్కడి పడవవాళ్ళ మనవడు పనికోసం బొంబాయి చేరడం వింతేమీ కాదు. చేరాక ఓడెక్కడమే కష్టం.

చీరాల లైను

మొదటి పోస్టు నుంచి చదివాను. ఓడలో చనిపోయిన మన పనివాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో సముద్రంలో పోయిన భారతీయ నావికులు రెండు వేల మందికి పైగా ఉన్నారని ముంబైలో మస్జిద్ బందర్ దగ్గరున్న స్మారకం చెబుతుంది. కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున ఇంకొకటుంది, అది బెంగాల్, అస్సాంలకు చెందిన 896 మందికి. అక్కడ 'లస్కర్లు' అనే రాశారు, బ్రిటిష్ ఓడల్లో పనిచేసే మన నావికుల్ని అలా అనేవాళ్ళు. ఒకే ఓడలో ఒకే పనికి తెల్ల నావికుడికి వచ్చే జీతంలో వీళ్ళకి చిన్న భాగమే దక్కేది. చట్టప్రకారం పడుకోడానికి ఇచ్చే చోటు కూడా తక్కువ.

రచయిత్రికి ఎవరైనా చేరవేస్తే ఒక సూచన. మా వేటపాలెం సారస్వత నికేతనంలో పాత తెలుగు పత్రికల కట్టలున్నాయి. 1916 జనవరి సంచికలు దొరికితే పర్షియా వార్త మనవాళ్ళు ఎలా రాశారో చూడొచ్చు. లండన్ తంతిని తర్జుమా చేసి వదిలేశారా, ఇంకేమన్నా రాశారా? నవల్లో బందరులో ఎవరో ఆ పత్రిక చదివే దృశ్యం పెట్టుకోవచ్చు. పొద్దున్న విజయవాడలో రైలెక్కి వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు. ముందు ఫోన్ చేసి వెళ్ళండి, పాత కాగితం కదా, అడగ్గానే బయటికి తియ్యరు.

బ్రాడీపేట నాలుగో లైను

చీరాల లైను గారూ, మంచి మాట చెప్పారు.

నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఓడలో తెలుగు మనిషే కావాలంటే బాయిలర్ల దగ్గర వెతకడమెందుకు? ఆయా ఉండొచ్చు కదా. కలెక్టర్లు, ఇంజినీర్లు, మిషనరీలు సెలవు మీద ఇంగ్లండు వెళ్తూ పిల్లల్ని చూసుకోడానికి ఇక్కడి ఆయాల్ని వెంట తీసుకెళ్ళేవాళ్ళు. ఓడ దిగి పిల్లలు నాయనమ్మ ఇంటికి చేరాక ఆయా పని అయిపోయేది. తిరుగు టికెట్టు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లండన్ వీధుల్లోనే. అలాంటివాళ్ళ కోసమే లండన్‌లో ఆయాల వసతిగృహం నడిచింది. 1900 నుంచి అది హాక్నీలో, కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డు 26వ నంబరు ఇంట్లో ఉండేది. 2022లో ఆ ఇంటికి, చరిత్ర ఉన్న ఇళ్ళకి గుర్తుగా పెట్టే నీలం ఫలకం కూడా పెట్టారు. ఇండియాకి వచ్చే కుటుంబం ఏదన్నా అక్కడికొచ్చి ఆయా కావాలని అడిగేది, ఆమె ఆ పిల్లల్ని సముద్రం మీద సాకుతూ ఇల్లు చేరేది.

1915 డిసెంబరు. గుంటూరు నుంచి వెళ్ళి హాక్నీలో చిక్కుకుపోయిన మనిషి. ఎవరివో తెలియని పిల్లలతో పర్షియా ఎక్కింది. భోజనాల హాలు, పై డెక్కు, కింద పనివాళ్ళ గదులు, మూడూ చూడగలిగేది ఓడ మొత్తంలో ఆమె ఒక్కతే. మాంటేగ్యూ ప్రభువు కూడా చూడలేడు, మీ బందరు కుర్రాడూ చూడలేడు. ఇంజిన్‌రూమ్ గారికీ పేచీ ఉండదు.

ఇంజిన్‌రూమ్

అమ్మా, ఈ మనిషిని నేను నమ్ముతాను.

కృష్ణలంక

మేడం మీరే రాసెయ్యండి నవల.

రంగం మనవడు

బాగుంది గానీ నాకో సందేహం. ఆయా కూడా దొరల పక్కనే ఉంటుంది కదా. ఆమె కళ్ళతో రాస్తే మళ్ళీ ఆ భోజనాల హాలే పెద్దదవుతుంది. కింద పనిచేసినవాళ్ళు మళ్ళీ ఒక్క పేజీకే పరిమితం.

బ్రాడీపేట నాలుగో లైను

రచయిత్రిని బట్టి ఉంటుంది. సలాడ్ ఆకులకి రెండు పేరాలు రాసే చెయ్యయితే మీ భయం నిజమే. కానీ మొదటి అధ్యాయంలో టిల్బరీ రేవు బాగా రాశారని వన్‌టౌన్ వాసి గారే అన్నారు. అది రాయగలిగినవాళ్ళు ఇదీ రాయగలరు.

వన్‌టౌన్ వాసి

నిన్న ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపులో రచయిత్రి కనబడ్డారు. మీరందరూ రాసింది ఫోన్లో చూపించాను. నిలబడే మొత్తం చదివారు, షాపాయన కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. వాచీల సంగతి మారుస్తానన్నారు, ఇంజిన్‌రూమ్ గారికి ధన్యవాదాలు చెప్పమన్నారు. వేటపాలెం వెళ్తానన్నారు. ఆయా ఆలోచన నచ్చింది గానీ, అది ఇంకో నవల అవుతుందట. బందరు కుర్రాడిని మాత్రం తియ్యనన్నారు. మూడేళ్ళుగా అతనితోనే ఉంటున్నాను, ఇప్పుడు ఎవరో సరంగు ఒప్పుకోలేదని వదిలెయ్యమంటే కుదరదన్నారు. మహారాజు నగల అధ్యాయం తగ్గిస్తారా అని అడిగాను. నవ్వేశారు. అంటే తగ్గించరు.

చీరాల లైను

తగ్గించరు లెండి. 2003లో ఆ ఓడని సముద్రం అడుగున, దాదాపు మూడు కిలోమీటర్ల లోతులో కనిపెట్టి, విలువైన సరుకు పెట్టే గదిలోంచి కొన్ని కెంపులు పైకి తీశారు. నవల ఆఖర్లో అది పెట్టకుండా ఏ రచయితా ఉండలేడు.

ఇంజిన్‌రూమ్

సరే, కుర్రాడిని ఉంచాలనే పట్టుదలయితే ఒక దారి చెబుతాను, ఆవిడకి చేరవెయ్యండి. మనిషిని చేర్చుకునేది సరంగు. బ్రిటిష్ అధికారులకి ఆ మొహాలూ తెలియవు, పేర్లూ పలకడం రాదు. కాగితం చూసి లెక్క సరిపోయిందా లేదా అంతే. బొంబాయిలో ఓడ బయల్దేరే రోజు ఒక పంజాబీ ఆగ్‌వాలా (బాయిలర్లకి బొగ్గు వేసేవాడు) జ్వరంతో పడిపోయాడనుకోండి. సరంగుకి మనిషి తక్కువ. రేవులో తిరుగుతున్న బందరు కుర్రాడు డబ్బులివ్వడానికి సిద్ధం. పడిపోయినవాడి కాగితాలు వీడి చేతిలో పెట్టి ఎక్కించేశాడు. బొంబాయి నుంచి టిల్బరీ, టిల్బరీ నుంచి వెనక్కి, ఓడలో అందరూ వీణ్ణి ఆ పేరుతోనే పిలుస్తారు. వీడు నోరు విప్పితే దొరికిపోతాడు, కాబట్టి మాట్లాడడు. అలా రాస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఓడ మునిగాక కంపెనీ జాబితా తయారుచేస్తుంది. అందులో పోయినట్టు రాసేది ఆ పంజాబీ పేరు. అతనేమో బొంబాయిలో జ్వరం తగ్గి బతికే ఉన్నాడు. వాళ్ళ ఊరికి చావు కబురు వెళ్తుంది. బందరుకి ఏ కబురూ వెళ్ళదు.

కృష్ణలంక

సార్ సార్ ఆగండి. ఇది ఆవిడకి పంపకండి. నేను రాసుకుంటా.

వన్‌టౌన్ వాసి

పొద్దున్నే పంపేశాను తమ్ముడూ.